మా నాయనకు అంటగట్టిన క్షయ

మా మేనమామ కొండలరావు మంచివాడని మార్కాపురంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నేను మాత్రం మా నాయన సంగతి చెబుతాను.

నాయన పేరు ఆదెయ్య. రాచర్ల దగ్గర మేకలు కాసుకునేవాడు. ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు మా పక్క వానలు మొహం చాటేస్తే, మేకలు అమ్మేసి, మామ పిలిచాడని మార్కాపురంలో రాతిపలకల ఫ్యాక్టరీలో చేరాడు. మామ అక్కడ మేస్త్రీ. మా ఊరి నుంచి ఇరవై మందిని ఆయనే తెచ్చి పనిలో పెట్టాడు. నాయనది రంపం దగ్గర పని. పలకలు కోస్తుంటే లేచే దుమ్ముకు సాయంత్రానికి కనురెప్పలు కూడా తెల్లబడేవి. పని దిగేటప్పుడు మామ తలా ఒక బెల్లంముక్క పెట్టేవాడు. అది తింటే గొంతులో దుమ్మంతా కడుపులోకి జారిపోతుందట. బావ చెబితే నాయన నమ్మకుండా ఎట్లా ఉంటాడు?

నాలుగేళ్లకు ఆయాసం పట్టుకుంది. షెడ్డు నుంచి ఇంటికి వచ్చేలోపు మూడుచోట్ల కూలబడేవాడు. మామే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఛాతీకి ఫోటో తీయించాడు. నాయన బయట బల్ల మీద కూర్చున్నాడు. డాక్టరు చెప్పింది విన్నదీ, రాసిచ్చిన ఇంగ్లీషు కాగితం చదివిందీ మామే. తిరిగొచ్చి అమ్మతో, "క్షయ, రాములమ్మా. బిడ్డను దగ్గరికి రానీయబాకండి," అన్నాడు.

అప్పటికి నాకు మూడేళ్లు. నాయన పని మానేసి, పెరట్లో పాక వేసుకుని అందులోకి మారాడు. కంచం వేరు, చెంబు వేరు. నేను పరుగెత్తుకుంటూ పోతే, మేకపిల్లను మళ్లించినట్టు, తగలకుండా నా ముందు చిన్న రాయి విసిరేవాడట. రెండేళ్లలో నాకు బాగా అలవాటైంది. ఏం మాట్లాడినా దూరంగా నిలబడే మాట్లాడేదాన్ని.

ఒకరోజు టీకాలు వేసే నర్సమ్మ యేసుమణి మా ఇంటికి వచ్చింది. క్షయ రోగి ఉన్నాడనగానే కాగితం చూపమంది. మాకు చదువు రాదన్న ధీమాతో మామ దాన్ని మా దగ్గరే వదిలేశాడు. నర్సమ్మ రెండుసార్లు చదివింది.

"ఇది క్షయ గాదమ్మా. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయింది. ఇది నయం గాదు గానీ, ఎవురికీ అంటదు. ఆ సంగతి ఇందులోనే రాసుండాది," అంది.

ఆ సాయంత్రమే అమ్మ మామను పిలిపించి నిలదీసింది. ఆయన తల ఎత్తలేదు.

"రాతిదుమ్మని తెలిస్తే ఆ ఇరవై మందీ రంపాలు వదిలేసి పోతారు. నా మేస్త్రీతనం ఏంగావాల? ఎట్లాగూ తగ్గేది గాదన్యాడు డాక్టరు. జబ్బు పేరు ఏదైతే ఏంది?"

నాయన పాకలోంచే అడిగాడు. "నా బిడ్డను ఎత్తుకోనీకుండా చేస్తివి గదా బావా. అంటదని నాకొక్కనికన్నా చెప్పుండగూడదా?"

మామ లేచి వెళ్లిపోయాడు. సొంత చెల్లెలి మొగుడికి అంత ద్రోహం చేసిన ఆ మనిషిని నేను ఈనాటికీ క్షమించలేదు.

నాయన మొహం కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. "ఇట్ల రామ్మా," అని చేతులు చాచాడు. అమ్మ నన్ను ముందుకు తోసింది. నేను ఏడుస్తూ అమ్మ వెనక దాక్కున్నాను.

"బలవంతం చేయబాక రాములమ్మా. మెల్లగా అదే వస్తాది," అన్నాడు.

ఆ తర్వాత ఆయన పదకొండు రోజులు బతికాడు. నేను దగ్గరికి పోలేదు.