ఖాళీ బెంచీల హాజరు

హాజరు మాస్టారికి ఒకే ఒక్క పిచ్చి. మనుషులు లేని గదిలో హాజరు పిలవడం.

మనుషులున్న చోటా పిలిచేవారనుకోండి, అది వేరే సంగతి. క్యాంటీన్‌లో టీ తాగేముందు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని లెక్కపెట్టుకుని గానీ కప్పు ఎత్తేవారు కాదు. తన పెళ్ళి ఫోటోకి ముందు రెండు వైపుల చుట్టాలనీ వరసలో నిలబెట్టి హాజరు తీసుకున్నారనీ, "పెళ్ళికూతురు?" అనగానే ఆవిడ కంగారులో "వచ్చాను సార్" అందనీ, అప్పట్నుంచీ ఇంట్లో ఆయన్ని "సార్" అనే పిలుస్తోందనీ ఒక కథ ఉండేది. ఇది నిజమేనా అని ఆవిడనే అడిగితే, "సార్‌ని అడగండి" అందిట.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. కానీ రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఆయన చేసే పని చూస్తే మాత్రం ఎంతటివాడికైనా నవ్వు గొంతులోనే ఆగిపోయేది.

అది టీచర్లని తయారుచేసే కాలేజీ. మేడ మీద వరండా చివర ఒక గది. పదహారు బెంచీలు, ఒక నల్లబల్ల, తిరిగేటప్పుడు మూలిగే ఫ్యాను. పిల్లలంతా ఇళ్ళకి వెళ్ళిపోయాక మాస్టారు రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, ఖాళీ బెంచీల ముందు నిలబడి పిలిచేవారు.

"ఒకటో నంబరు?"

ఓ క్షణం ఆగేవారు. ఏదో వినపడ్డట్టు తల ఊపి టిక్కు పెట్టేవారు. రెండో నంబరు. మూడో నంబరు. పదిహేడు దగ్గర మాత్రం చాలాసేపు ఆగి గుమ్మంవైపు చూసేవారు. తరవాత నిట్టూర్చి, "ఇవాళా రాలేదు" అని సున్నా చుట్టేవారు. అలా ముప్పైరెండు దాకా. అయ్యాక బెంచీల మధ్య నడిచేవారు, అదీ ఎవరి కాళ్ళో తగులుతాయన్నట్టు పక్కకి తప్పుకుంటూ. "పదకొండుకి జలుబు చేసింది" అని కిటికీ మూసేవారు.

వాచ్‌మన్ ఆ గది తాళం మొహం పక్కకి తిప్పుకుని తీసేవాడు. "నాలుగో నంబరు పిలిచినప్పుడు బెంచీ కిర్రుమంటుంది సార్, నా చెవులారా విన్నాను" అని ప్రిన్సిపాల్‌కి చెప్పాడు. ప్రిన్సిపాల్ కొట్టిపారేశారు. కొట్టిపారేశారే గానీ ఆయన కూడా నాలుగున్నర తరవాత మేడ ఎక్కేవారు కాదు.

పైగా ప్రతి గురువారం మధ్యాహ్నం మాస్టారు మాయమయ్యేవారు. ఒకసారి వాచ్‌మన్ ఉండబట్టలేక వెనకాలే వెళ్ళాడు. పాత గుడ్డ బూట్లు వేసుకుని, సంచీ పట్టుకుని, మాస్టారు సరాసరి శ్మశానం గోడ పక్క సందులోకి తిరిగారుట. అక్కడికి వాచ్‌మన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. ఇంకేముంది, హాజరు మాస్టారు ఎవరిని పిలుస్తున్నారో కాలేజీ మొత్తానికి తెలిసిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సుద్దముక్క ఆయన చేతిలో పడింది.

సుద్దముక్క అంటే మనిషే. నాలుగో సంవత్సరం చదివే పిల్ల. కొత్త మొహాలు చూస్తే తెల్లగా పాలిపోతుందనీ, చేతిలో సుద్దముక్క విరిచేస్తుందనీ తోటివాళ్ళు పెట్టిన పేరు. పరీక్షలన్నిట్లో ఫస్టు. కానీ ఆ చదువులో పరీక్షలు పాసైతే సరిపోదు. చివర్లో ఒక బడికి వెళ్ళి, నిజం పిల్లలకి ముప్పావుగంట పాఠం చెప్పి, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి చేత సరే అనిపించుకోవాలి. అది తప్పితే డిగ్రీ చేతికొస్తుంది గానీ పాఠం చెప్పే అర్హత పత్రం రాదు. తప్పినవాళ్ళకి ఇంకొక్క అవకాశం ఉంటుంది. అదీ పోతే అంతే సంగతులు.

సుద్దముక్క మొదటి అవకాశం ఎలా పోయిందంటే, పిల్లల ముందు పదకొండు నిమిషాలు కొయ్యబారి నిలబడిపోయింది. చేతిలో సుద్దముక్క ఏడు ముక్కలైంది. చివరికి ముందు బెంచీ పిల్ల జాలిపడి, "టీచర్, మంచినీళ్ళు తేనా?" అంది.

ఇంటి దగ్గర నాన్న దర్జీ. కూతురు టీచరవుతుందని రెండేళ్ళ క్రితమే భుజానికి తగిలించుకునే సంచీ కుట్టి మేకుకి తగిలించాడు. సుద్దముక్కలకి ఓ జేబు, ఎర్ర పెన్నుకి ఓ జేబు. పాస్ కాలేదని తెలిశాక ఆయన సంచీకి పట్టిన దుమ్ము దులిపి మళ్ళీ మేకుకే తగిలించాడు. ఆయన నాలుగు తిట్టినా బాగుండేదని ఆ పిల్ల ఏడ్చింది.

"రెండోసారి ఏ బడికి పంపుతారు సార్?" అని మాస్టారిని అడిగింది.

"చెప్పకూడదు. ఏ బడో, ఏ క్లాసో, పిల్లలెవరో, రెండోసారి వెళ్ళేవాళ్ళకి ముందుగా ఏమీ చెప్పకూడదని రూలు."

"ఆ రూలు ఎవరు పెట్టారు సార్?"

"నేనే."

మాస్టారు రిజిస్టరు చంకలో పెట్టుకున్నారు.

"రేపట్నుంచి ఆరు వారాలు నాలుగున్నరకి చివరి గదికి రా, పాఠం చెబుదువుగాని. ముప్పైరెండు మంది ఉంటారు. పదిహేడు వస్తుందో రాదో చెప్పలేను."

మొదటి రోజు కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళింది. ముసురు పట్టి గది మసకగా ఉంది. మాస్టారు హాజరు తీసి, వెనక కుర్చీలో కూర్చున్నారు. సుద్దముక్క ఖాళీ బెంచీలకి భిన్నాల పాఠం మొదలుపెట్టింది.

"ఆగు. నాలుగుకి వినపడలేదు," అన్నారు మాస్టారు.

"నాలుగు... ఎక్కడుంది సార్?"

"రెండో బెంచీ, చివర. ఎడమ చెవి పనిచెయ్యదు. కుడివైపుకి వచ్చి చెప్పు."

ఆ పిల్ల కుడివైపుకి జరిగింది. బెంచీ కిర్రుమంది. చేతిలో సుద్దముక్క రెండైంది.

"ముప్పైకి కాళ్ళు దారిలో చాపడం అలవాటు. లోపల పెట్టుకోమను."

"కాళ్ళు... లోపల పెట్టుకో అమ్మా."

"అమ్మా కాదు, వాడు మగపిల్లాడు."

"క్షమించు బాబూ," అంది సుద్దముక్క గాలికి దణ్ణం పెడుతూ.

"పదిహేడు రాకపోయినా చోటు ఉంచు. ఆ మాట రోజూ చెప్పాలి."

"నీ చోటు నీకే ఉంచాం, రా," అని సుద్దముక్క గుమ్మంవైపు చూసి చెప్పింది. చెప్పాక, నిజంగా వస్తే ఏం చెయ్యాలో తోచక కళ్ళు మూసుకుంది.

బుధవారం నాడు మాస్టారు ముప్పైరెండు కాగితం ముక్కలు తెమ్మన్నారు. ఒక్కొక్క చోట ఒక్కొక్కటి పెట్టించి, "సమానంగా నాలుగు భాగాలు వచ్చేలా మడవమని చెప్పు" అన్నారు. చెప్పింది. కాగితాలు కదల్లేదు. ఆ మాత్రం దయ చూపించినందుకు అందరు దేవుళ్ళకీ మొక్కుకుంటూ ఇంటికి పోయింది.

శుక్రవారం సాయంత్రం తలుపు తీసి చూసింది. కాగితాలన్నీ మడిచి ఉన్నాయి. కొన్ని చక్కగా, కొన్ని వంకరగా. తొమ్మిదో నంబరుది చిరిగింది. వాటి మీద సిరా మరకలు, చిన్న చిన్న వేలిముద్రలు. పదిహేడో చోట కాగితం మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆ పిల్ల మెట్లు దిగిందో దూకిందో తెలీదు, క్యాంటీన్‌లో తేలింది. క్యాంటీన్ అక్క టీ గ్లాసు చేతిలో పెట్టి, సంగతంతా విని, తాపీగా అంది.

"నీ పాఠం అర్థమైంది కదమ్మా వాటికి?"

"ముప్పై మందికి అయింది అక్కా. తొమ్మిదికే కాస్త..."

"మరింకేం, పోయినసారి బతికున్న పిల్లలకే అర్థం కాలేదు. వెళ్ళి తొమ్మిదికి మళ్ళీ చెప్పు."

వెళ్ళింది. భయం పోయి కాదు, మేకుకున్న సంచీ గుర్తొచ్చి. చిరిగిన కాగితం చేతిలోకి తీసుకుని, ఇది గోటితో కాదు, వేలితో నొక్కాలని ఖాళీ బెంచీకి నాలుగుసార్లు మడిచి చూపించింది. తరవాతి బుధవారం మళ్ళీ కాగితాలు పెడితే, శుక్రవారానికి తొమ్మిది కాగితం చిరగలేదు. దానికి ఆ పిల్ల ఎంత సంతోషించిందంటే, అది దెయ్యం మడిచిన కాగితమన్న సంగతే మరిచిపోయింది.

నాలుగు వారాలు తిరిగేసరికి ఆ గదిలో ఎవరి గుణం ఏమిటో ఆమెకి కంఠతా వచ్చేసింది. ఒకరోజు మాస్టారు రావడం ఆలస్యమైతే తనే హాజరు పిలిచి పాఠం మొదలుపెట్టింది. తాళానికని వచ్చిన వాచ్‌మన్ కిటికీలోంచి తొంగి చూశాడు. "ఎన్నిసార్లు చెప్పాను నీకు, కాళ్ళు లోపల!" అని సుద్దముక్క ఉత్త గాలిని కసురుతోంది. వాచ్‌మన్ కిందకి వచ్చి, "ఇంకో మనిషి కూడా పోయింది" అని గేటు డ్యూటీకి మార్చమన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. నాన్న సంచీ మేకు మీంచి తీసి, "ఊరికే పట్టుకెళ్ళు, కాగితాలు పెట్టుకోవడానికి" అన్నాడు, ఎటో చూస్తూ.

రిక్షా శ్మశానం గోడ పక్క సందులోకి తిరిగింది. ఇది వాచ్‌మన్ చెప్పిన సందేనని సుద్దముక్కకి గుర్తొచ్చింది. గోడ అయిపోగానే చిన్న బడి. వరండాలో పరీక్షాధికారి నిలబడి ఉంది, కళ్ళజోడులోంచి మనిషిని కాక మనిషి వెనకాల గోడని చూసే రకం. క్లాసులోకి అడుగుపెట్టారు. ముప్పైరెండు చోట్లు. కొత్త మొహాలు. సుద్దముక్క చేతిలో సుద్దముక్క విరిగింది. పరీక్షాధికారి అప్పుడే ఏదో రాసుకుంది.

ఒకటి, రెండు, మూడు సెకన్లు గడిచాయి. రెండో బెంచీ చివరి పిల్ల తల పక్కకి తిప్పి కుడి చెవి ముందుకి పెట్టింది. బెంచీ కిర్రుమంది.

నాలుగో నంబరు, అనుకుంది సుద్దముక్క. కిటికీ పక్క పదకొండో చోట ఒకడు ముక్కు ఎగబీలుస్తున్నాడు. వెనక ముప్పయ్యో చోటు నుంచి రెండు కాళ్ళు దారిలోకి చాపి ఉన్నాయి.

"కాళ్ళు లోపల పెట్టుకో," అంది ఆమె, అనుకోకుండానే.

కాళ్ళు లోపలికి పోయాయి.

ఆ తరవాత ఆమెని ఆపడం ఎవరి వల్లా కాలేదు. పరీక్షాధికారి తీయించిన చీటీలో వచ్చిన పాఠం సమాన భిన్నాలు. కుడివైపుకి నడిచి నాలుగుకి చెప్పింది, కిటికీ మూసి పదకొండుకి చెప్పింది. కాగితాలు పంచి, తొమ్మిదో పిల్లాడి పక్కన వంగి, "గోరు కాదు, వేలు" అంది. వాడు నోరు వెళ్ళబెట్టి, "మీకెలా తెలుసు టీచర్?" అన్నాడు.

పాఠం సగంలో గుమ్మం దగ్గర నీడ పడింది. ఎనిమిదేళ్ళ పిల్ల, పలక గుండెలకి హత్తుకుని, లోపలికీ రాదు, వెనక్కీ పోదు. పిల్లలంతా గుసగుసలాడారు. ఈ పిల్ల గురించి ఆమెకి ఏమీ తెలీదు. ఇన్ని వారాల్లోనూ తెలియంది ఈ ఒక్కతే. కానీ నోటికి అలవాటైపోయిన మాట ఒకటుంది.

"నీ చోటు నీకే ఉంచాం, రా."

ఆ పిల్ల ఆమె మొహంలోకి చూసింది, ఖాళీగా ఉన్న పదిహేడో చోటు చూసింది. మెల్లిగా వచ్చి కూర్చుంది. పరీక్షాధికారి అప్పటిదాకా రాసింది కొట్టేసి, కలం మూత పెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

బయట గేటు దగ్గర హాజరు మాస్టారు గుడ్డ బూట్లతో నిలబడి ఉన్నారు. సుద్దముక్క ఆయన మీదకి పరిగెత్తింది.

"ప్రతి గురువారం ఇక్కడికేనా సార్ వచ్చేది? ఆ కాగితాలు వీళ్ళే మడిచారా? అసలు చెప్పకూడదని రూలు పెట్టింది మీరే కదా!"

"బడి పిల్లల గురించి చెప్పకూడదని రూలు," అన్నారు మాస్టారు గంభీరంగా. "దెయ్యాల గురించి అందులో ఏమీ లేదు."

"నన్ను చంపేశారు సార్ భయంతో!"

"కొత్త మొహాలంటే నీకు భయం. మరి మొహాలు లేకుండా పరిచయం చెయ్యాలంటే ఇంకెలాగమ్మా? నువ్వు చెప్పిన పాఠమే గురువారం వీళ్ళకి చెప్పి మడిపించేవాణ్ణి." అని రిజిస్టరు తెరిచారు. పదిహేడు ఎదురుగా వరసగా సున్నాలు. "ఈ పిల్లని ఈ గుమ్మం దాకా తెచ్చేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. లోపలికి తేవడం నీ వంతు అనుకున్నాను." అంటూనే కొత్త గడిలో టిక్కు పెట్టారు.

అర్హత పత్రం వచ్చింది. ఆ బళ్ళోనే ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు గురువారం మధ్యాహ్నాలు ఆమె క్లాసులో వెనక బెంచీ మీద గుడ్డ బూట్ల పెద్దాయన ఒకరు కూర్చుని ఏదో రాసుకుంటూ ఉంటారు.

మొన్న ఆమె సంచీ తగిలించుకుని ఏదో పనిమీద కాలేజీకి వెళ్ళింది. పాలిపోయిన మొహంతో ఒక శిక్షణ విద్యార్థి మెట్ల మీద అడ్డం వచ్చాడు.

"అక్కా, మీరు చివరి గదిలో పాఠం చెప్పారటగా. నిజం చెప్పండి. అక్కడ దెయ్యాలున్నాయా?"

సుద్దముక్క చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఉన్నాయి తమ్ముడూ. ఈ ఏడాది ముప్పైనాలుగు. ఇరవైరెండోదానికి చూపు ఆనదు, నల్లబల్ల మీద అక్షరాలు పెద్దవిగా రాయి. మిగతావన్నీ బుద్ధిమంతులే."