బాపు పోయిండన్న మాట

పోయిన మంగళవారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు మా అక్క కూరగాయలకని ఇంట్లోంచి బయలుదేరింది. ఇంత కచ్చితంగా ఎందుకు తెలుసంటే, కరీంనగర్ నుంచి నేను మందమర్రికి ఫోన్ చేసింది ఏడూ పన్నెండుకు. ఎత్తిన అక్క కోడలు "అత్తమ్మ పోయింది మామా" అంది. నేను గోడ పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాను. అవతల ఆ అమ్మాయి మామూలుగానే చెప్పుకుపోతోంది. "రెండు నిమిషాలాయె. ఫోన్ ఇడ్సిపెట్టింది, సంచి గూడ ఇడ్సిపెట్టింది. టమాటలు కొంగుల కట్టుకొస్తదేమో, ఏం మనిషో!"

బజారుకు పోయిందని అర్థమయ్యాక ఫోన్ పెట్టేసి లేచాను. మా వైపు ఊరికి వెళ్లినా పోవడమే, ప్రాణం విడిచినా పోవడమే. నా వయసువాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కానీ ఈ ఒక్క మాట దగ్గర నేను ముప్పై ఏళ్లకు పైగా దాచిన సంగతి ఒకటుంది. అక్క నిజంగానే పోయి ఉంటే ఇక ఎవరికి చెప్పేవాణ్ని అని ఆ పొద్దున మొదటిసారి భయమేసింది.

మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు నెత్తికి దీపం కట్టుకుని బొగ్గుగనిలో పనిచేశాడు. నాకు ఇరవై ఏడేళ్లప్పుడు సువార్త సేవకు రెండేళ్ల శిక్షణ కోసం నన్ను ఫిలిప్పీన్స్ పంపించారు. మా చిన్న సంఘంలో దేశం దాటిన మొదటి మనిషిని నేనే. తిరిగొచ్చి ఆదిలాబాద్ అడవి పల్లెల్లో పనిచేయాలని ఒప్పందం. ఫిలిప్పీన్స్‌లో ప్రసంగాలు నేర్పిస్తారనుకుని పోయాను. కొండమీది ఆ చిన్న ఊళ్లో పుండ్లకు కట్టు కట్టడం, మరుగుదొడ్డికి గొయ్యి తవ్వడం, ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కోవడం నేర్పారు. తెలియని భాషను పుస్తకం లేకుండా చెవితో పట్టుకోవడం నేర్పారు. మొదటి ఆరు నెలలు పల్లెలకు తీసుకుపోయినా మమ్మల్ని మాట్లాడనివ్వలేదు, వినమన్నారు. ఆ పనిలో మా జట్టులో నాకు మంచి పేరుండేది. అలాంటివాణ్ని నా సొంత భాషలో, నా సొంత అక్క చెప్పిన మాట వినలేకపోయాను.

ఆ రోజుల్లో విదేశానికి ఫోన్ అంటే మందమర్రి నుంచి మంచిర్యాల పోయి, అద్దాల గదిలో నిలబడి, బిల్లు మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెత్తుతుంటే గబగబా నాలుగు ముక్కలు చెప్పి పెట్టేయడమని మీకు గుర్తుండే ఉంటుంది. అక్క అలాగే చేసింది. మధ్యాహ్నం భోజనాల వేళ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. నా మాట నాకే రెండుసార్లు వినపడుతోంది, అక్క గొంతు బొంగురుగా ఉంది.

"బాపు పోయిండురా తమ్మీ. ఎంత పట్టుకున్నా ఆగలే."

ఏటా కరీంనగర్‌లో మూడు రోజులు జరిగే ఉజ్జీవ ప్రార్థన సభలకు బాపు తప్పకుండా వెళ్లేవాడు. ఆ ఏడు బొగ్గు దుమ్ముతో దగ్గు ముదిరిందనీ, దవాఖానలో ప్రయాణం వద్దన్నారనీ, ఈయన వినేలా లేడనీ అక్క అంతకు ముందు ఉత్తరంలో రాసింది. ఫోన్ వచ్చింది సరిగ్గా ఆ సభల రోజుల్లో. మొండిపట్టు పట్టి వెళ్లాడని అక్కకు కోపం వచ్చిందనుకున్నాను.

"పోనియ్యక్కా. ఆయన పానమంత ఆడనే ఉండె. మంచిగైంది, దేవునికి స్తోత్రం. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

అక్క "గంతేనంటవా?" అంది. "గంతే" అన్నాను. లైన్ తెగిపోయింది.

రెండు రోజులకు మమ్మల్ని పల్లె అనుభవం కోసం ఇంకా పై కొండల్లోకి పంపారు. పది వారాలు అక్కడికి తపాలా రాదు. రోజూ తెల్లవారి లేచి బాపు పేరు పెట్టి ప్రార్థించేవాణ్ని. సభల నుంచి క్షేమంగా ఇల్లు చేరి ఉండాలనీ, దగ్గు తగ్గాలనీ. నాతో ఉన్న ముగ్గురూ ఆయన దగ్గు కోసం ప్రార్థించేవారు. దిగి వచ్చాక నా ఉత్తరాల కట్ట చేతికిచ్చారు. అక్క ఉత్తరం విప్పితే మొదటి వరసలోనే బాపు భూస్థాపన ఏ రోజు జరిగిందో, ఎంతమంది వచ్చారో ఉంది. చదివిన వరసనే మళ్లీ చదివాను. అక్షరాలు అర్థమవుతున్నాయి, మాట అర్థం కావడం లేదు. డెబ్బై రోజులు నేను మట్టిలో ఉన్న మనిషికి దగ్గు తగ్గాలని అడిగాను.

ఆ ఉత్తరంలో ఇంకో సంగతీ ఉంది. ఫోన్‌లో నేనన్న మాటలు అక్క చెబితే మా పాస్టరు అయ్యగారు రాసుకుని, భూస్థాపన తర్వాత జరిగిన ఆదరణ కూడికలో అందరికీ చదివి వినిపించారట, ఇంత విశ్వాసం ఎక్కడా చూడలేదన్నారట. నా మాట చెప్పగానే అవ్వ కూడా ధైర్యం తెచ్చుకుందని, కన్నీళ్లు ఆపుకుందని అక్క రాసింది.

ఉత్తరం పట్టుకుని ఎటు పోవాలో తెలియక మెస్సులోకి పోయి కూర్చున్నాను. అక్కడ వంట చేసే ఆవిడ మా అవ్వ వయసుది, భర్త పోయిన మనిషి. విషయం చెప్పాను. ఆవిడ తన వచ్చీరాని ఇంగ్లిషులో ఒకే ప్రశ్న వేసింది, మీ నాన్న కోసం ఎవరు ఏడ్చారని. మా అమ్మ ధైర్యంగా ఉంది, ఏడవలేదు అన్నాను, కొంత గొప్పగానే. ఆవిడ గరిటె కిందపెట్టి, నా ఎదురుగా కూర్చుని, ఎన్నడూ చూడని మా బాపు కోసం పెద్దగా ఏడ్చింది. నాకు భయమేసింది. తర్వాత నేనూ ఏడ్చాను. వాళ్ల వైపు మనిషి పోతే తొమ్మిది రోజులు పదిమందీ ఆ ఇంట్లో కూర్చుంటారట. శవం లేదు, రోజులు దాటిపోయాయి, అయినా తొమ్మిది సాయంత్రాలు మా జట్టంతా ఆ మెస్సులో నాతో కూర్చున్నారు. బాపు గురించి చెప్పమన్నారు, చెప్పాను. నమ్మకం ఉన్నవాడు కూడా ఏడవవచ్చని నేను తెలుసుకున్నది ఆ బల్లల మధ్యనే. రెండేళ్ల శిక్షణలో నాకు మిగిలిన చదువు అదే అనుకుంటాను.

ఇంటికి మాత్రం నిజం రాయలేదు. పొరపాటున అన్న మాట అవ్వకు ఆసరా అయిందని నమ్మాను, ఆ ఆసరా ఎందుకు లాగేయాలి అనుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆ కథ నాకంటే ముందు ఊరూరా తిరిగింది. ఆదిలాబాద్ వైపు నేను పనిచేసిన పల్లెల్లో కూడా, చావు ఇంట్లో, తండ్రి పోయాడంటే స్తోత్రం చెప్పిన సేవకుడు ఈయనే అని నన్ను చూపించేవారు. నేను తల వంచుకునేవాణ్ని. దాన్ని వాళ్లు వినయం అనుకున్నారు.

పోయిన మంగళవారం ఫోన్ చేసిన మర్నాడే బస్సెక్కి మందమర్రి పోయాను. అక్క చాటలో చిక్కుడుకాయలు వేసుకుని ఈనెలు తీస్తోంది. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అక్క చేతిలో కాయ అలాగే పట్టుకుని నా మొహం చూసి, ఒక్కసారిగా నవ్వింది. "నీ మొకం మండ! సభలకు పోయిండనుకున్నవారా? అయ్యగారికి చెప్తే పెన్ను కింద పడేసుకుంటుండె!" కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఉన్నట్టుండి ఆగింది. చాట పక్కకు జరిపింది.

"మరి నేను అవ్వ నోరు ఎందుకు మూయించినట్టురా?" అంది.

నోరు మూయించడమేంటి అన్నాను.

"నేను మంచిర్యాల నుంచి అచ్చేసరికి అవ్వ శోకం పెడుతుండె. గోడకు ఒరిగి, బాపు గనిల దిగిన్నాటి సంది ఒక్కొక్కటి చెప్పుకుంట ఏడుస్తుండె. ఆడోళ్లంత సుట్టూ కూసున్నరు. నేను పోయి బుజం పట్టి గుంజిన. కొడుకే మంచిగైందన్నడు, నీకేం రోగమే అన్న. గంతే. కొంగు నోట్లె కుక్కుకున్నది. బాపు పోయినంక నాలుగేండ్లు బతికింది గద, ఒక్కనాడు ఏడ్వలే తమ్మీ."

ధైర్యం తెచ్చుకుంది అని అక్క రాసిన మాటకు అర్థం ఇదని నాకు అప్పుడు తెలిసింది. దేశం కాని దేశంలో ఒక వంటమనిషి నాకోసం చేసిన పని, మా ఇంట్లో మా అవ్వను చేయనివ్వలేదు. ఆపింది నా మాట. అవ్వ పోయినప్పుడు భూస్థాపన చేయించింది నేనే. ఆ రోజు ఎవరూ ఏడవలేదు, చూసినవాళ్లందరూ మమ్మల్ని మెచ్చుకున్నారు.

అవ్వ ఏమని ఏడ్చిందో చెప్పు అని అడిగాను. అక్క "ఓ నా పిల్లల బాపూ, నెత్తికి దీపం లేకుండ ఎట్ల పోతివి" అన్న ఒక్క వరస చెప్పింది, రాగం లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు. మిగతాది తెలియదంది. తను వచ్చింది సగంలో, ఆపింది అక్కడే. ఆ రోజు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు.

ఏం చేద్దామని అక్క అడిగింది. ఇద్దరం మిగిలిన కాయల ఈనెలు తీశాం, కోడలు వచ్చి చాట లోపలికి తీసుకుపోయింది.

మా అవ్వ తరం ఆడవాళ్లు పోయిన మనిషి బతుకంతా వరసపెట్టి చెప్పి ఏడ్చేవాళ్లు. ఏ గనిలో దిగాడు, ఏ కూర ఇష్టంగా తిన్నాడు, ఎవరితో కొట్లాడాడు, ఎవరికి అన్నం పెట్టాడు, అన్నీ అందులో ఉండేవి. అది తప్పని మా సంఘంలో ఎవరూ ప్రత్యేకంగా బోధించలేదు. ప్రతి చావు ఇంట్లో నా కథ చెప్పారు, అది చాలింది. ఇప్పుడు మనిషి పోతే కుర్చీలు వేస్తారు, మైకు పెడతారు, పాటలు పాడతారు. మా సంఘంలో ఎవరూ శోకం పెట్టరు.