ఆదివారాలు మేము కారుకు ఛార్జింగ్ పెట్టలేదు

మూడు వేసవులుగా నన్ను చూస్తే నాకే అసహ్యం. ఇంత సూటిగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో అనలేను, ఇందులో ఆయనకూ వాటా ఉంది కాబట్టి. మా చెల్లెలితో అంటే తెల్లారేసరికి చుట్టాలందరికీ తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెబుతున్నాను. వినండి చాలు, జాలి మాత్రం పడకండి.

మాది సిద్దిపేట. నంగునూరు వైపు మాకు భూములున్నాయి, ఊరి బయట మా ఆయనకు రైస్‌మిల్లు ఉంది. మూడేళ్ల కింద ఆయన ఒక పెద్ద కరెంటు కారు బుక్ చేశాడు. మా చుట్టాల్లో ఎవరికీ అలాంటిది లేదు. కారు రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. ఆ రెండు నెలలూ దానికి ఏమేం కావాలో చూసుకోవడమే నా పని. సీట్లకు మీగడ రంగు తోలు. కాళ్ల కింద పరవడానికి మ్యాట్లు. ఎక్కేటప్పుడు కాలు పెట్టుకోవడానికి పక్కన మెట్టు, వెనక అద్దాలకు తెరలు, మెడ కింద దిండ్లు. మ్యాట్లు బూడిద రంగువా, గోధుమ రంగువా అని ఎనిమిది రోజులు ఆలోచించాను. నమూనాల ఫొటోలు చెల్లెలికి పంపి, ఆమె ఒకటి బాగుందంటే నేను ఇంకోటి అన్నాను. ఒక మనిషి బతుకు గురించి ఎనిమిది నిమిషాలైనా అలా ఆలోచించానా? లేదు.

ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే డబ్బా బిగించడానికి కంపెనీ తరఫున ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మీటరు చూసి, మీకున్న లోడు దీనికి సరిపోదు, ముందు లోడు పెంచుకుని త్రీఫేజు తీసుకోండి, లేకపోతే మీ లైనులో ఉన్న అందరికీ వోల్టేజీ పడిపోతుంది అని మర్యాదగానే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ప్రతి మాటా విన్నాను. మా ఆయన, కారు వచ్చే ముహూర్తం దగ్గర పడింది, ముందు బిగించెయ్, దరఖాస్తు తర్వాత పెట్టుకుంటాం అన్నాడు. నేను అడిగింది ఒక్కటే. వైరు గోడ మీద కనబడకుండా లోపలి నుంచి తీయగలవా అని.

తీశాడు. తెల్లటి డబ్బా, నల్లటి గ్రానైటు గోడ మీద చక్కగా అమరింది.

మా ఇంటికి రెండిళ్ల అవతల సుగుణ ఉండేది. మద్దూరు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. భర్త ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్. ఆమె ఇంటి ముందు గదిలో కారం, పసుపు, జొన్నపిండి పట్టే చిన్న గిర్ని నడిపేది. కూలికి పోయిన ఆడవాళ్లు తిరిగొచ్చే వేళకు, సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి ఏడున్నరకు ఆపేది. ఆదివారం చర్చికి పోతుంది కాబట్టి ఆ రోజు గిర్ని బంద్. మా ఇంట్లో ఏడేళ్లు ఆమె పట్టిన కారమే తిన్నాం. తొడిమలు ఒక్కొక్కటీ తీసి పట్టేది. నన్ను అక్కా అని పిలిచేది.

కారు వచ్చిన వారానికి వాడకట్టులో సాయంత్రాలు లైట్లు మసకబారడం మొదలైంది. ఫ్యాన్లు ఈడుస్తూ తిరిగేవి. ఎదురింటి రిటైర్డ్ సారు వాళ్ల ఫ్రిజ్ కాలిపోయింది. మా ఆయన నాలుగింటికి మిల్లు నుంచి వచ్చి కారుకు ఛార్జింగ్ పెట్టేవాడు. ఆ డబ్బా వివరాలన్నీ నా ఫోన్లో కనిపిస్తాయి, వోల్టేజీతో సహా. పెట్టగానే అంకె జారిపోయేది. తీయగానే పైకొచ్చేది. అయినా గిర్ని కూడా కారణమేమో అని నాకు నేను చెప్పుకున్నాను. మొదటి ఆదివారం ఆ సాకూ పోయింది. గిర్ని బంద్ ఉంది. లైట్లు మాత్రం అలాగే మసకబారాయి.

ఇక్కడి దాకా చెబితే, తెలిసి నోరు మూసుకుంది అనుకుంటారు. నేనూ చాలాకాలం నాకు అలాగే చెప్పుకున్నాను. మౌనంగా ఉన్నాను, అంతే కదా అని. అది అబద్ధం. నేను మౌనంగా లేను.

మరునాడు సారు మా గేటు దగ్గరికొచ్చి, ఆ గిర్ని వచ్చి ఏడేళ్లయింది కదా, ఇప్పుడే ఎందుకిట్లయితుందో అన్నాడు. ఆయన కళ్లు ఒక్క క్షణం మా కారు మీద ఆగాయి. నాకు భయమేసింది. ఇన్ని ఆశలతో తెచ్చుకున్న కారు మీద వాడకట్టు వేలు పెడుతుందని భయం. నా నోటి నుంచి వచ్చిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. గిర్నికి మొన్ననే పెద్ద మోటరు పెట్టిందట సారూ, అన్నాను. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. అది అదే పాత మోటరు.

ఆ సాయంత్రం మా ఆయనకు ఉపాయం చెప్పింది నేనే. ఆదివారాలు ఛార్జింగ్ పెట్టొద్దు అన్నాను. ఆయన నా మొహం చూశాడు. అర్థమైంది. సరేనని తలూపాడు. మిగతా రోజుల్లో ఆ పని నేనే చేతుల్లోకి తీసుకున్నాను. నాలుగింటికి గిర్ని చప్పుడు మొదలైతే వెళ్లి కారుకు తగిలించేదాన్ని. ఏడున్నరకు చప్పుడు ఆగగానే వెళ్లి తీసేసేదాన్ని. చెవులు అటు పెట్టుకుని కూర్చునేదాన్ని. గిర్ని తిరిగినంతసేపూ లైట్లు మసక. గిర్ని ఆగితే వెలుగు. ఆదివారం పొద్దంతా వెలుగు. మూడు వారాల్లో వాడకట్టులో చిన్నపిల్లలకు కూడా అర్థమైపోయింది.

ఎవరైనా చెబితే చేశానా? కోపంలో చేశానా? లేదు. పూలకుండీలకు నీళ్లు పోసినంత తీరిగ్గా చేశాను. అదే నన్ను తినేస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం సుగుణ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, పోర్టికోలో కారు పక్కనే నిలబడింది. చేతులకు పసుపు అంటుకుని ఉంది. కారుకు తగులుతుందేమోనని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అక్కా, నువ్వు సదువుకున్నదానివి. నిజం జెప్పు. గీ లైట్లు నా గిర్నితోనే పోతున్నయా?"

నేను డబ్బా వైపు చూడకుండా కొంగు సర్దుకున్నాను.

"అందరు గట్లనే అంటున్నరు. ఏడేండ్ల సంది లేంది ఇప్పుడెందుకైతది అని నాకు సమజైతలేదు. మీ కారుకు పెట్టే డబ్బా ఏమన్న..." అంటూ ఆగిపోయింది. అడిగినందుకు తనే నొచ్చుకున్నట్టు తల దించుకుంది.

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట సరిపోయేది. డబ్బా తీసేసినా ఆకాశం విరిగిపడేది కాదు, కారును మిల్లులో ఛార్జింగ్ పెట్టుకునేవాళ్లం.

"ఆదివారం లైట్లు మంచిగనే ఉంటున్నయి గద సుగుణా," అన్నాను. "ఆ దినం నీ గిర్ని బంద్ ఉంటది. ఇగ నేనేం జెప్పాలె?"

నాతో వాదిస్తుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"గది నిజమే అక్కా," అంది. "నా మిషినే పాడైనట్టుంది. సారు వాళ్ల ఫ్రిజ్ కూడ కాలిపాయె. ఏమనుకోకున్రి."

నాకు క్షమాపణ చెప్పి వెళ్లింది. నాకు.

ఆ తర్వాతి రోజు వాడకట్టు పెద్దలు మా పోర్టికోలోనే కూర్చుని కరెంటు ఆఫీసుకు అర్జీ రాశారు. నేనే చాయ్ పెట్టాను. మూడో సంతకం నాది. ఆఫీసు వాళ్లు వచ్చి చూస్తే గిర్ని ఇంటి మీటరు మీద నడుస్తోంది. వ్యాపారానికి వేరే మీటరు ఉండాలంటూ ఆపించేశారు. కొత్త మీటరు కోసం సుగుణ తిరగలేదు. మిషను పాడైందని తనే నమ్మింది కదా, ఇక దేనికోసం తిరుగుతుంది? దౌల్తాబాద్ నుంచి వచ్చిన ఒకాయనకు గిర్నిని అమ్మేసింది. ట్రాలీ ఎక్కించేటప్పుడు, ఇది ఒక్కోసారి కరెంటు ఎక్కువ తీస్తది, జర చూసుకోమని అతనికి చెప్పిందట. ఆ మాట మా పనిమనిషి నాకు చెబుతుంటే నేను కూరగాయలు తరుగుతున్నాను. తరగడం ఆపలేదు.

అదే వారం మా ఆయన కారుకు మిల్లులో ఛార్జింగ్ పెట్టుకుంటూ, లోడు పెంచడానికి దరఖాస్తు పెట్టాడు. తెలిసిన వాళ్లుండడంతో పని తొందరగా అయింది. త్రీఫేజు వచ్చింది, లైను బాగుపడింది. ఆ పని పది రోజుల ముందు చేసుంటే సుగుణ గిర్ని ఇప్పటికీ తిరుగుతుండేది. ఇప్పుడు సాయంత్రాలు లైట్లు ధగధగ వెలుగుతున్నాయి. వాడకట్టు వాళ్లు చూసి, గిర్ని పోయింది, పీడ పోయింది అన్నారు. మేము మా తప్పు దిద్దుకోవడమే ఆమె తప్పుకు రుజువైపోయింది. అంతకన్నా నీచం ఏముంటుంది?

కొన్నాళ్లకు సుగుణ వాళ్లు ఇల్లు ఖాళీ చేసి ఊరి చివర కిరాయికి పోయారు. ఆమె ఇప్పుడు మార్కెట్‌లో వేరేవాళ్ల గిర్ని దగ్గర కూలికి మిరపకాయల తొడిమలు తీస్తుంది. ఒకసారి కలిసింది. పోయిన ఎండాకాలం, కూరగాయలు కొని కారెక్కబోతుంటే వెనక నుంచి పిలిచింది. ముక్కుకు చెంగు కట్టుకుని ఉంది. చెంగు తీసి నవ్వింది, వెంటనే దగ్గు తెర వచ్చింది. పిల్లల్ని అడిగింది, మా ఆయన బీపీ గురించి అడిగింది. చివరికి, "ఇప్పుడు మన దిక్కు కరెంటు మంచిగుంటుందా అక్కా?" అంది.

మంచిగుందన్నాను.

ఆమె మొహంలో నిజమైన సంతోషం కనిపించింది. తన వల్ల మాకు కలిగిన ఇబ్బంది తీరిందన్న సంతోషం. కారులో కూర్చుని తలుపు వేసుకున్నాను. మీగడ రంగు సీటు, ఏరి కోరి తెచ్చిన అత్తరు వాసన. కిటికీ దించి బయటికి ఓకరించాను. ఏమీ రాలేదు.

ఆమె దగ్గరికి వెళ్లి చెప్పవచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగండి. రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ మార్కెట్ మలుపు దాటకుండానే వెనక్కి వచ్చాను. నిజం తెలిస్తే ఆమెకు బాధ అని ఒక సాకు వెతుక్కున్నాను. అబద్ధం. ఆమె నన్ను అక్కా అని పిలవడం మానేస్తుందని నా భయం. ఆ పిలుపు మీద నాకింకా ఆశ ఉందంటే నేను ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

రేపు వెళ్తానని మీకు మాట ఇవ్వను. ఇచ్చినా నేనే నమ్మను. సుగుణ గిర్నిలో ఏ లోపమూ లేదు. పెద్ద మోటరు అన్నది నేను కల్పించిన మాట. లైట్లు మసకబారింది మా కారు వల్ల, అది గిర్ని వల్లేనని అందరూ అనుకునేలా ప్రతి సాయంత్రం నా చేత్తో నేను చేశాను. మూడేళ్లలో ఈ నాలుగు ముక్కలు నా నోటి నుంచి ఎన్నడూ రాలేదు. ఇప్పుడు కాగితం మీదికైనా వచ్చాయి. అసహ్యం అలాగే ఉంది. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.