పట్టుతాడు బ్రేకులు

అవ్వ పెట్టె మూత నేను ఎత్తగానే ముందు కలరా ఉండల ఘాటు ముక్కుకు తగిలింది, దాని వెనక నుంచి మెల్లగా ఉడకబెట్టిన పట్టు వాసన వచ్చింది. ధర్మవరంలో పెరిగినవాళ్ళకు ఆ రెండో వాసన గురించి చెప్పక్కర్లేదు. సబ్బునీళ్ళలో పచ్చిపట్టు ఉడికే రోజున అది వీధంతా పాకి, దండెం మీద బట్టల్లోకీ, అన్నంలోకీ, జడల్లోకీ చేరి కూర్చుంటుంది. అవ్వ దినాలు పోయిన వారమే అయ్యాయి. ఆమె చీరల్లో ఏది ఎవరికివ్వాలో చూడమని అమ్మ నన్ను పెట్టె ముందు కూర్చోబెట్టింది. చీరల అడుగున పాత పంచె ముక్కలో చుట్టిన ఫొటోలున్నాయి. అన్నీ నాయనవే. అన్నింట్లోనూ సైకిలుంది.

అంతవరకూ వినిపిస్తున్న మగ్గం చప్పుడు ఆగింది. మగ్గం కింది గుంటలో కూర్చున్న నాయన మెడ తిప్పి నా చేతుల వైపు చూస్తున్నాడు. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు అవ్వ ఆయనతో మాట మానేసింది, ప్రాణం పోయేదాకా మళ్ళీ కలపలేదు. ఆఖరి రోజుల్లో ఆమె మంచం పక్కన ఉన్నది నేనే. తన గురించి ఆమె ఏమైనా అని పోయిందా అన్న ప్రశ్న ఆమె పోయినప్పటి నుంచీ ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది. అడగడానికి ఆయనకు నోరు రాలేదు, చెప్పడానికి నాకూ రాలేదు.

మొదటి ఫొటో హిందూపురంలో ఒక సైకిలు షాపు ముందు తీసింది. బనీను, మోకాళ్ళ పైకి మడిచిన నిక్కరు, తలకు తువ్వాలు, పక్కన తలకిందులుగా బిగించిన హ్యాండిలు ఉన్న సైకిలు. అసలైన పందెం సైకిలు కొనే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి, పాలవాళ్ళూ కూరగాయలవాళ్ళూ తొక్కే మామూలు సైకిలుకే హ్యాండిలు తిరగేసి, నడుము వంచి తొక్కేవాళ్ళు. నాయనకు అది బతుకుతెరువు కాదు, సరదా. మగ్గాలకు సెలవైన అమావాస్య నాడు తెల్లారకముందే లేచి, తమ్ముణ్ణి లేపి, ఇద్దరూ పెనుకొండ దాకా తొక్కి, ఎండ ముదిరే వేళకు తిరిగొచ్చేవాళ్ళు. రోజంతా మగ్గం కింద చెక్కలు తొక్కే కాళ్ళకు సైకిలు ఒక లెక్కా అనేవాడు. వేరుశనగ పీకే చెనిక్కాయల కాలంలో చిన్నాయన చొక్కా జేబుల నిండా కాల్చిన కాయలు తెచ్చేవాడు. అవి నా ఒళ్ళో పోస్తే మసి అంటి గౌను నల్లబడేది. ఆ మసి వాసనా, వాళ్ళ ఒంటి చెమట వాసనా, అమ్మ అప్పుడే బొరుగులతో కలిపిన ఉగ్గానిలో పప్పుల పొడి వాసనా కలిసి, నాకు అమావాస్య అంటే చీకటి రాత్రి అని చాలా రోజులు తెలియనే లేదు.

చిన్నాయన పేరు మల్లికార్జున. అవ్వకు మల్లి. కడుపున ఆలస్యంగా పుట్టిన బిడ్డ, పెళ్ళింకా కాలేదు, నాయన పక్క మగ్గం మీద నేసేవాడు. రెండో ఫొటోలో అన్నదమ్ములిద్దరూ స్టూడియో తెర ముందు సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఆ సైకిళ్ళకు మడ్‌గార్డులు లేవు, క్యారేజీ లేదు, స్టాండు లేదు, చైను మీద రేకు లేదు. బరువు తగ్గాలని ఒక్కొక్కటే పీకేశారు. మా ఇంటి వసారాలో ఆ ఇనుప సామానంతా కుప్పగా పడి ఉండటం, దాని మీద కూర్చుని నేను బెల్లు మోగించుకోవటం నాకు బాగా గుర్తు.

"ఏమప్పా, బెల్లు కూడా పీకేస్తిరే! ఎదురొచ్చినోళ్ళు ఎట్ల తప్పుకోవల్ల?" అని అవ్వ అడిగింది.

"నువ్వు వెనకాల కూర్చోని అరుస్తాంటే సాలు గదమ్మా, హిందూపురం దాకా ఇనపడతాది" అన్నాడు చిన్నాయన.

అవ్వ చేతిలో ఉన్న దారపు కండె అతని మీదికి విసిరింది. అతను దాన్ని గాల్లోనే పట్టుకుని, "సూడు పాపా, మీ అవ్వ బాలింగు" అని నాకు కన్నుగీటాడు.

ఇక మిగిలింది బ్రేకులు. పిడి నుంచి చక్రం దాకా పోయే ఇనుప కడ్డీలు బరువని నాయనకు అనిపించింది. వాటిని తీసేసి, ఆ చోట పట్టుతాడు కట్టాడు. చీర కోశాక మగ్గం మీద మిగిలే ఎర్రటి పడుగు దారాల కొసలను పోగుచేసి, పాయలు కలిపి పేనిన తాడు అది. పేనింది అవ్వ. ఎంత సన్నని దారాన్నైనా పిసరు లోపం లేకుండా పురిపెట్టగల చేతులు ఆమెవి. నాయన అడిగితే ముందు తిట్టి, తర్వాత గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని, తొడ మీద అరచేత్తో దొర్లిస్తూ రెండు సైకిళ్ళకూ పేనిచ్చింది. నాయన పిడి నొక్కితే చక్రం ఠక్కున ఆగింది. వీధిలో వాళ్ళు వచ్చి నొక్కి చూశారు. "దీనికి మగ్గమే కట్టి లాగొచ్చప్పా" అని నాయన గర్వపడ్డాడు. ఇనుము కంటే పట్టు గట్టిదని ధర్మవరంలో ఎవరికి అనిపించదు?

పట్టు తడిస్తే సాగుతుందని కూడా ధర్మవరంలో అందరికీ తెలుసు. ముసురు పట్టిన రోజున పడుగు వదులవుతుందని కిటికీలు మూసుకుని నేసే ఇళ్ళు మావి. కానీ ఆ ఏడు ఎండాకాలం మొదలు వినాయక చవితి దాకా మా వైపు ఒక్క మంచి వాన పడలేదు. చెనిక్కాయ చేలు మాడిపోయి, జనం ఆకాశం వైపు చూడటం కూడా మానేశారు. ఆ తాళ్ళు ఎండలో పేనారు, ఎండలో కట్టారు, ఎండలో తొక్కి చూసుకున్నారు. వాన అనే సంగతి ఎవరికీ తట్టలేదు.

పందెం చవితి తర్వాత జరిగింది. హిందూపురంలో పొద్దున్నే బయలుదేరి, పెనుకొండ మీదుగా ధర్మవరం రావాలి. సైకిళ్ళను ముందు రోజే బస్సు పైన వేసుకుని అన్నదమ్ములు హిందూపురం వెళ్ళారు. గెలిచినవాడికి స్టీలు బిందె, గోడ గడియారం. ధర్మవరంలో రోడ్డుకు అడ్డంగా రంగు కాగితాలు కట్టిన చోట నేనూ అమ్మా నిలబడ్డాం. అవ్వ ఇంట్లో పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తోంది, ఇద్దరు కొడుకులూ ఆకలితో వస్తారని.

అప్పుడే వాన మొదలైంది. ముందు మట్టి వాసన, తర్వాత పెద్ద చినుకులు, తర్వాత ఎదుటి మనిషి కనపడనంత ధార. ఎవరూ చెట్టు కిందికి పరుగెత్తలేదు. ముసలాళ్ళు కూడా చేతులు చాచి తడిశారు. ఒకాయన రోడ్డు మధ్యలోనే కూర్చుని ఏడ్చాడు, సంతోషంతో. ఇంటి దగ్గర అవ్వ చూరు కింద గిన్నెలన్నీ పెట్టి, దేవుడు కళ్ళు తెరిచాడని దండం పెట్టుకుందట.

ఆ ధారలోంచి నాయన ముందుగా వచ్చాడు. అందరూ ఆయన్ను ఎత్తుకున్నారు. స్టూడియో ఆయన గొడుగు కింద నుంచి తీసిన ఫొటోనే మూడోది. నాయన భుజం మీద బిందె, ఒళ్ళంతా నీళ్ళు, నోరు తెరిచి నవ్వుతున్నాడు. ఆయన నిక్కరు అంచు పట్టుకుని నేను, నేనూ నవ్వుతున్నాను. ఆ తర్వాత ఆయన అలా నవ్వింది నేను చూడలేదు. ఆయన కొండ దిగుడు దాటేదాకా పెనుకొండ దగ్గర వాన లేదు. ఆయన దాటాక వచ్చింది. ఆ ఫొటో తీస్తున్నప్పుడు చిన్నాయన పెనుకొండ దిగుడు మలుపులో, రాళ్ళ మీద పడి ఉన్నాడు.

కాసేపటికి ఆ దోవన వచ్చిన లారీ ఆగింది. డ్రైవరు మా వీధివాడే, దిగి నాయన దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా ఓబులేసూ, మీ తమ్ముడు యాడ?"

"వెనకాల వస్తాండాడు. వానకు యాడన్నా నిలబడింటాడు."

"రాడప్పా" అన్నాడు డ్రైవరు. "బిందె కింద పెట్టి లారీ ఎక్కు."

మర్నాడు ఎవరో చిన్నాయన సైకిలు తెచ్చి మా గోడకు ఆనించి పోయారు. ముందు చక్రం వంకరపోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన అవ్వ దాని దగ్గరికి వెళ్ళి బ్రేకు పిడి నొక్కింది. పిడి ఏ అడ్డూ లేకుండా హ్యాండిలుకు వచ్చి తగిలింది, ఎర్రతాడు మాత్రం తడి జడలా వేలాడుతూ ఉండిపోయింది. ఆమె దాన్ని గుప్పిట్లో పట్టుకుని, వీధిలో అందరూ ఉండగానే నాయన వైపు తిరిగింది.

"పట్టు తడిస్తే సాగుతాదని నీకు తెలీదారా? మగ్గం కింద పుట్టినోడివి, నీకు తెలీదా?"

నాయన తల దించుకుని, "నాదే తప్పమ్మా" అన్నాడు. ఆమె ఆయనతో అన్న ఆఖరి మాట ఆ ప్రశ్నే. ఆయన ఆమెకిచ్చిన ఆఖరి జవాబు ఇదే.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాటలు మోసేది నేను. ఒకే గది, ఒక మూల రాట్నం, ఒక మూల మగ్గం. అవ్వ అన్నది నాయనకు చక్కగా వినిపిస్తుంది, అయినా నేను చెప్పేదాకా ఆయన కదిలేవాడు కాదు. "మీ నాయనకు చెప్పు, సంగటి సల్లారిపోతాండాది" అని అవ్వ అంటుంది. నేను వెళ్ళి అదే చెబుతాను. "మీ అవ్వకు చెప్పు, ఈ వరస అయినంక వస్తా" అని ఆయన అంటాడు. బంధువుల పిల్లలు దాన్ని ఆటగా ఆడి నన్ను వెక్కిరించేవాళ్ళు. బడిలో టీచరు అడిగితే నా నోరు పెగిలేది కాదు. అదివరకే ఇంట్లో ఇద్దరి మాటలు మోసి అలసిపోయేదాన్ని. ఓళిగలు మా ఇంట్లో మళ్ళీ ఎవరూ చేయలేదు. వాన పడితే అవ్వ గిన్నెలు పెట్టలేదు, గోడ వైపు తిరిగి పడుకునేది. నాయన సైకిలు అమ్మేశాడు, ఎక్కడికైనా నడిచే పోయేవాడు. బిందె ఏమైందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడా పందేలు లేవు. పెనుకొండ దగ్గర పెద్ద రోడ్డు పడింది, దిగుడూ మలుపూ ఎక్కడుండేవో బస్సులోంచి గుర్తుపట్టలేకపోయాను. హిందూపురం సైకిలు షాపు ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా వీధిలో చేతిమగ్గాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ కరెంటువి. పందెం తొక్కినవాళ్ళలో ఇద్దరు కనిపిస్తే పలకరిస్తారు, సైకిలు మాట మాత్రం ఎత్తరు.

నేను ఫొటోలు తిరిగి పంచె ముక్కలో చుడుతుంటే నాయన గుంటలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఫొటోలు అడగలేదు.

"పాపా, మీ అవ్వ పోయేముందర ఏమన్నా అనిందా?"

"నీ గురించి ఏమీ అనలేదు నాయనా."

"నా గురించి కాదు లే." ఆయన గొంతు బాగా తగ్గించాడు. "'తాడు నేనే పేనితినే' అని ఎప్పుడన్నా అనిందా? నిద్దట్లో అయినా?"

నేను ఆయన వైపు చూశాను. పేనిన చేతులెవరివో ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా నోట తేలేదు. వీధిలో అంతమంది ముందు ఆమె ఆ ప్రశ్న అడిగినప్పుడు, తిరిగి అడగడానికి ఆయనకు సరిగ్గా అదే ప్రశ్న ఉంది.

"లేదు నాయనా. అనలేదు."

"అనలేదు గదా?"

"అనలేదు."

"నా మీద కోపమున్నన్నాళ్ళూ తాడు మీదికి అమ్మ మనసు పోదులే అనుకుంటాంటి" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అంతే సాలు." లేచి వెళ్ళి మగ్గం గుంటలోకి దిగాడు.

అవ్వ అనలేదన్నది నిజమే. స్పృహ వస్తూ పోతూ ఉన్న ఆ ఆఖరి రోజుల్లో ఆమె నోట ఒక్క మాట రాలేదు. చేతులు మాత్రం ఊరుకోలేదు. దుప్పటి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, పురి విప్పేవాళ్ళు తిప్పినట్టు వెనక్కి తిప్పుతూనే ఉంది. నేను వేళ్ళు విడదీసి దుప్పటి సర్దితే, మళ్ళీ వెతుక్కుని, అంచు దొరకబుచ్చుకుని, మళ్ళీ వెనక్కి తిప్పేది.