ఉమ్ నాయిఫ్ ఇంటికి వచ్చిన ప్రశ్న

జోర్డాన్‌లోని మఆన్ ఊళ్లో ఉమ్ నాయిఫ్ నోటికి జడిసేవాళ్లే గాని ఆమె జడిసిన మనిషంటూ లేడు. లారీ తోలే మొగుడు బాగ్దాద్ దారిలో ప్రమాదంలో పోయాక, కుట్టుమిషను తొక్కి కొడుకు నాయిఫ్‌ను కాలేజీలో చదివించింది. బాగ్దాద్ మీద అమెరికా బాంబులు పడ్డనాడు వీధిలోకొచ్చి, చెప్పు చూపించి మరీ తిట్టింది. ఆ తిట్లే కొడుకు ఊరేగింపులో అరిచాడు. అంతే, సర్కారుకు అమెరికాతో దోస్తీ గదా, పోలీసులు పట్టుకుపోయారు. నలభై రోజులు! వదిలిపెట్టి వారమైనా ఆమె గుండె కుదుటపడలేదు. తలుపు చప్పుడైతే చాలు, కొడుకును లోపలి గదిలోకి నెట్టేస్తుంది.

ఆ మధ్యాహ్నం తలుపు తట్టింది రుదైనా అనే అమ్మాయి. చంకలో ఫైలు. గడప తొక్కిన మనిషికి కాఫీ ఇవ్వకపోతే పరువేముంది? ఇచ్చింది. పిల్ల గుక్కైనా తాగకుండా కప్పు ముందు పెట్టుకు కూర్చుంది. అలా పెట్టిందంటే ఏదో కోరి వచ్చినట్టే; కోరింది చేస్తామని మాటిస్తేగాని తాగకపోవడం అక్కడి ఆచారం. పెళ్లి బట్టల కుట్టుపనేమో అనుకుంది ఉమ్ నాయిఫ్.

"తాగు తల్లీ, నీ పని అయిపోయిందనుకో. మాటిచ్చాను."

ఖర్మ! అడక్కముందే మాటిచ్చేసింది.

రుదైనా కాఫీ తాగి కాగితం తీసింది. "సర్వే పిన్నీ. అమెరికా మీద మీ అభిప్రాయం చెప్పాలి. చాలా మంచిది, మంచిది, చెడ్డది, చాలా చెడ్డది. ఏదో ఒకటి."

ఉమ్ నాయిఫ్ లోపలి గది తలుపు వైపు చూసింది. "నిన్నెవరు పంపారే? నిజం చెప్పు."

"యూనివర్సిటీ వాళ్లు పిన్నీ. పేరు రాయం, ఒట్టు!"

"పేరు రాయకపోతే ఇల్లు తెలీదా మీకు?"

ఇచ్చిన మాట తప్పడానికి లేదు. నిజం చెబితే పిల్లాణ్ణి మళ్లీ ఎత్తుకుపోతారు.

"చాలా మంచిదని రాసుకో."

"ఈ వీధిలో అందరూ అదే చెబుతున్నారు పిన్నీ," అంది రుదైనా మెల్లగా.

లోపలి తలుపు కిర్రుమంది. నాయిఫ్ బయటికొచ్చాడు. ఆమె దిగ్గున లేచింది. వాడి నోరు తనకు తెలియదూ! ఇప్పుడు నిజం కక్కాడంటే కొంప మునిగినట్టే.

"లోపలికి పోరా!" అని అరిచింది.

వాడు పోలేదు. నేల చూపులు చూస్తూ గోడవారగా నిలబడ్డాడు.

"నాది కూడా రాసుకోండి మేడం. అమెరికా చాలా మంచిదండీ. నేనెప్పుడూ చెడ్డగా అనలేదు. కావాలంటే మా అమ్మనడగండి."

రుదైనా రాసుకుంది. అయినా వాడు ఆగలేదు. చేతులు కట్టుకుని, ఎవరూ అడక్కుండానే, అదే మాట మళ్లీ మొదటినుంచి అప్పజెప్పాడు. పోలీసులు వదిలిపెట్టింది తన కొడుకునేనా అని ఉమ్ నాయిఫ్‌కు అప్పుడు పట్టుకుంది అసలు భయం.