చూపు పోయాక చేసిన కొలువు మెట్లు

ఆ రోజు వంటింటి అలమర తలుపుకు కొత్త బందు బిగిస్తున్నాను. స్క్రూలు పక్కనే పెట్టుకున్నాను, చెయ్యి చాపితే ఒక్కటీ లేదు. కింద పడ్డాయేమోనని వెతుకుతుంటే మా ఆయన వచ్చి, "నీ మోచేతి పక్కనే ఉండాయి కదా వనజా, కనపడలే?" అన్నారు. కనపడలేదు. అంతకు ముందు వారమే గడప పక్కనున్న పాలగిన్నెను తన్ని అత్తయ్యతో తిట్లు తిన్నాను. సాయంత్రమైతే ట్యూబులైటు చుట్టూ రంగుల వలయాలు, నుదుటి మీద పోటు. కళ్ళజోడు మార్పిస్తే సరిపోతుందిలే అనుకుని నెలలు గడిపేశాను.

ఈ పనిపిచ్చి నాకెలా పట్టిందో ముందు చెప్పాలి. మా నాయన పలమనేరులో క్రాఫ్ట్ మాస్టారు. బడిలో పిల్లలకు చెక్కపని నేర్పేవారు, ఇంట్లో నాకు నేర్పారు. పెళ్ళై తిరుపతికి వచ్చేటప్పుడు చీరలతో పాటు రంపం, ఉలి, చిత్రిక ఉన్న చెక్కపెట్టె కూడా తెచ్చుకున్నాను. మా ఆయనకు కొండమీద ఆఫీసులో ఉద్యోగం, రోజూ బస్సులో పోయి వస్తారు. చాలా మంచి మనిషి. కానీ మేకు కొట్టమంటే మేకును తప్ప అన్నిటినీ కొడతారు. అందుకని కారే కుళాయి, ఊడిన గడియ, కిర్రుమనే మంచం, అన్నీ నా వంతే. "ఆడమనిషి సేతిలో రంపమేందమ్మా" అని అత్తయ్య మూతి తిప్పుకున్నా, వీధిలో వాళ్ళకు మాత్రం గొప్పగానే చెప్పుకునేవారు.

కంటి ఆసుపత్రిలో కంట్లో ప్రెషర్ చూశారు, చాలా ఎక్కువుందన్నారు. తర్వాత చూపు ఎంత మేర ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్. ఒక మిషన్ ముందు కూర్చోబెట్టి, "లైటు కనపడినప్పుడల్లా బటన్ నొక్కండి" అన్నారు. కాసేపు చూసి, "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగాను. అప్పటికే సగం అయిపోయిందట. ఓసీటీ అని కంటి నరానికి స్కాన్ కూడా తీశాక డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"ఇది గ్లకోమా, నీటికాసులంటారే, అది. కంటి నరం, ఆప్టిక్ నర్వ్, బాగా దెబ్బతినింది. పోయిన చూపు తిరిగి రాదమ్మా, ఉన్నదాన్ని కాపాడుకుందాం."

చుక్కల మందులు, లేజర్, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటిగా రెండు కళ్ళకూ ఆపరేషన్. ఎడమ కంట్లో ప్రెషర్ దిగింది, ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. కుడికంట్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. దాన్ని తగ్గించేలోగా ఎడమ కంట్లో ప్రెషర్ మళ్ళీ పెరిగింది. "ఇంకో ఆపరేషన్ చేసినా చూపు నిలుస్తుందని మాట ఇవ్వలేను" అంది డాక్టరమ్మ. చివరికి పగలా రాత్రా అని తెలిసేంత వెలుగు మాత్రం మిగిలింది. ఏడ్చాను. తలుపేసుకుని గొంతు పోయేదాకా ఏడ్చాను.

ఇంటికొచ్చాక అందరూ నన్ను ఎంత బాగా చూసుకున్నారంటే, నాకు పిచ్చెక్కిపోయింది. కూర్చున్న చోటికి కాఫీ, కూర్చున్న చోటికి పళ్ళెం. నా చెక్కపెట్టె అటకెక్కింది. "అవన్నీ నీకు ఎందుకమ్మా ఇంక? ఏలు తెగితే మీ నాయనకు నేనేం సెప్పాల?" అన్నారు అత్తయ్య. ప్రేమతోనే అన్నారు, అదే నాకు కోపం తెప్పించింది. స్నానాలగదిలో కుళాయి కారుతూనే ఉంది, వస్తానన్న ప్లంబరు రాడు. వాషరు మార్చే పని నాకు తెలుసు. తెలిసీ చేతులు కట్టుకుని ఆ చప్పుడు వింటూ కూర్చోవడం కంటే నరకం ఇంకోటి లేదు.

డాక్టరమ్మే నన్ను చూపులేనివాళ్ళకు శిక్షణ ఇచ్చే చోటికి పంపింది. అక్కడ నేర్పే శేఖర్ సారుకు పుట్టుకతోనే చూపు లేదు. చిత్తూరు మనిషి, మాట కటువు, నవ్వు పెద్దది.

"ముందు ఏం పని సేస్తా ఉంటివమ్మా?" అని అడిగారు.

"చెక్కపని సార్" అన్నాను. పక్కనున్న వాళ్ళు నవ్వారు.

సారు నవ్వలేదు. "అయితే పెన్సిలు అవతల పారేయి. గీత కత్తితో గీయి, గోరు పెట్టి తడుముకో. టేపు వద్దు, ఒక పుల్ల తీసుకుని కొలతకొక గాటు పెట్టుకో. రంపం పక్కన చెక్కముక్క ఆనించుకుంటే వంకర పోదు. ఇంగేంది నీ కష్టం?"

ఇంకేం కష్టం లేదు, అత్తయ్య తప్ప! ఇంటికి రాగానే పెట్టె దించమన్నాను. ససేమిరా అన్నారు. ముందు కుళాయి వాషరు మార్చి చూపించాను. "అది కుళాయి. ఇది రంపం" అన్నారు. చివరికి పంతం పట్టాను.

మా ఇంట్లో దసరాకు బొమ్మల కొలువు పెడతాం. మెట్ల కోసం ట్రంకుపెట్టెలు, స్టూళ్ళు పేర్చి పైన పంచె కప్పుతాం. ఏటా ఏదో ఒక బొమ్మ పడి ముక్కు విరగ్గొట్టుకుంటుంది.

"ఈసారి కొలువు మెట్లు నేనే చేస్తాను అత్తయ్యా. అవి కొలువుకు పనికిరాకపోతే మీరే పెట్టెను పలమనేరుకు పంపించేయండి, మళ్ళీ అడగను" అన్నాను.

"సరే, సూస్తాం" అన్నారు. వారం తిరక్కుండా నేనే వదిలేస్తానని ఆమె నమ్మకం.

మొదటి పలక వంకరగా తెగింది. రెండోది పొట్టిదైంది. మూడోది కోసేటప్పుడు బొటనవేలికి చిన్న గాటు పడింది. రక్తం నాది, కళ్ళు తిరిగింది మా ఆయనకు. ఆయన్ని పడుకోబెట్టి నీళ్ళు తాగించి మళ్ళీ రంపం పట్టుకున్నాను. చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా పొట్టు లేచి చేతిమీద పడుతుంది చూడండి, ఆ వాసన పీల్చినప్పుడు నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. చూపు పోయిన తర్వాత మొదటిసారి పాట పాడుకున్నాను.

అమావాస్య రోజు మధ్యాహ్నం మెట్లు హాల్లో నిలబెట్టాను. అత్తయ్య ఊపి చూశారు. కదల్లేదు. చెయ్యి ఆనించి బరువు వేశారు. కిర్రుమనలేదు. నేను లోపల పొంగిపోతున్నాను. అప్పుడు కింది నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"...నాలుగు, ఐదు, ఆరు. ఆరేందమ్మే?"

కొలువు మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలి. ఐదే చేశాను. కానీ అడుగున రెండు పక్కలనూ బిగించడానికి ఒక మందపాటి పలక వేశాను. నా లెక్కలో అది బిగింపు పలకే, మెట్టు కాదు. చూసేవాళ్ళ కంటికి అదీ ఒక మెట్టే.

"ఆ కింద పలక పీకేస్తే పోలా?" అన్నారు మా ఆయన.

"పీకితే మొత్తం ఊగుతుందండీ" అన్నాను. సాయంత్రం లోపల బొమ్మలు ఎక్కాలి. నేనే ఇచ్చిన మాట ప్రకారం పెట్టె పలమనేరుకు పోవాలి.

అత్తయ్య, "బేసి కావాలంటే ఒకటి తీసేయాల్నా ఏంది? ఇంకొకటి పెడితే ఏడు కాదా? పలక మిగిలుండాదా?" అన్నారు.

ఉంది. పైమెట్టు మీద పెట్టేలా ఒక చిన్న పీట చేస్తే చాలు. కొలతపుల్ల తెచ్చి గాటు పెట్టాను, కత్తితో గీత గీశాను. పలక కదలకుండా పట్టుకోమని మా ఆయన్ని పిలవబోతే అత్తయ్య అడ్డమొచ్చారు.

"వాడొద్దు, మళ్ళీ పడిపోతాడు. నేను పట్టుకుంటా. నా సేయి ఈడ, ఈ కొసన ఉండాది. సూసుకోని కొయ్యి!"

"చూసుకోవాలా అత్తయ్యా?" అన్నాను.

ముందు ఆమె నాలిక్కరుచుకున్నారు, తర్వాత పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, రంపం పక్కన పెట్టి మరీ నవ్వాను. తర్వాత కోశాను. పొట్టు ఆమె వేళ్ళ మీద పడుతూనే ఉంది. చివరిదాకా ఆమె చెయ్యి తియ్యలేదు, ఒక్కసారి కూడా జాగ్రత్త అనలేదు.

సాయంత్రం ఏడో మెట్టు మీద కలశం పక్కన ఎర్రచందనం రాజా రాణి బొమ్మల్ని ఆమే పెట్టారు. పేరంటానికి వచ్చిన వాళ్ళందరికీ, "మా కోడలు సేసింది, పట్టుకోని ఊపి సూడండి" అని చెప్పి మరీ ఊపించారు. బొమ్మలు పడతాయేమోనని నాకే భయమేసింది.

ఇప్పటికీ చుక్కలు వేసుకుంటున్నాను, ప్రెషర్ చూపించుకుంటున్నాను. చూపు రాదు, దాని కోసం ఎదురుచూడటం మానేశాను. వీధిలో వాళ్ళు విరిగిన స్టూళ్ళు, పట్టేసిన గడియలు తెచ్చిస్తుంటారు. పని మొదలుపెట్టగానే అత్తయ్య వచ్చి ఎదురుగా చతికిలబడతారు, నేను పిలిచినా పిలవకపోయినా.

ఇంట్లో చూపు పోయినవాళ్ళున్న అందరికీ నాదొకటే మాట. వాళ్ళ చేతిలో పనిముట్టు లాక్కోకండి. రెండో కొస పట్టుకుని, మీ చెయ్యి ఎక్కడుందో నోటితో చెప్పండి. కొయ్యడం వాళ్ళు చూసుకుంటారు.