పక్క సీటులో పరాయి మనిషి

చేవెళ్లలో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఆదివారాలు కూడా మూయము. మొయినాబాద్ దగ్గర కొత్తగా పెట్టిన పార్కుకు తీసుకుపొమ్మని మా పాప ఎన్నాళ్లుగానో పోరు పెడితే, పోయిన వేసవిలో ఒకరోజు షట్టరు దించి మా ఆయన, అత్తమ్మ, పాప, నేను బయలుదేరాం.

పాప మనసంతా రోలర్ కోస్టర్ మీదే. గేటు దగ్గర ఎత్తు చూసే గీత పక్కన నిలబడి మడమలు పైకెత్తింది కూడా. అక్కడ పనిచేసే అమ్మాయి నవ్వి, "ఇంకింత పెద్దగైనంక రా బంగారం" అని పక్కకు జరిపింది. పాప కళ్లు నిండాయి. మా ఆయనకు డాబా మీది నుంచి కిందికి చూస్తేనే తల తిరుగుతుంది. పాప నా చెయ్యి గుంజి, "నువ్వన్న ఎక్కమ్మా. ఎట్లుంటదో నాకు చెప్పు" అంది.

అప్పుడే ఆ అమ్మాయి వరుస వైపు తిరిగి, "సింగిల్ ఎవరన్న ఉన్నరా?" అని పిలిచింది. నేను చెయ్యెత్తాను.

"సింగిలేందమ్మా? ఆమెకు పెండ్లయింది, బిడ్డ గూడ ఉన్నది" అని అత్తమ్మ అడ్డం వచ్చింది. వరుసలో వాళ్లంతా నవ్వారు. ఖాళీగా ఉన్నది ఒక్క సీటేనని ఆ అమ్మాయి సర్దిచెప్పి, నా చున్నీ చూసి, "అక్కా, గది తీసెయ్యాలె. చక్రాలల్ల చిక్కుకుంటది" అంది.

కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్తమ్మ ముందు చున్నీ లేకుండా నిలబడలేదు నేను. నాకు చేతులాడలేదు. చివరికి ఆమే వచ్చి దాన్ని నా భుజం మీంచి తీసి, తన మెడలో వేసుకుని, "పో, అందరు ఆగిన్రు" అంది.

నా పక్క సీటులో నలభై ఏళ్లాయన కూర్చున్నాడు. ఆయన కొడుకులిద్దరూ మా ముందు వరుసలో ఉన్నారు. గండిపేట దగ్గర ఫ్లాటు కొనుక్కున్నామనీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమనీ నేను అడగకుండానే చెప్పాడు. కోస్తా మాట.

"పిల్లలు బలవంతం చేశారండి. ఇప్పుడు దిగిపోవచ్చంటారా?" అని ఆయన అంటుండగానే ఇనుప కడ్డీ వచ్చి మా ఒళ్లో బిగుసుకుంది.

బండి టకటకమంటూ పైకి ఎక్కసాగింది. నాకూ భయమేసి కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. ఉన్నట్టుండి ఆయన నా చెయ్యి పట్టేసుకున్నాడు. పరాయి మగవాడు. విదిలించబోయి ఆయన ముఖం చూశాను. నెత్తురు చుక్క లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. విదిలించడానికి మనసు రాలేదు.

"అన్నా, కండ్లు మూస్కో. అయిపోయినంక నేను చెప్త" అన్నాను.

ఆ మాట అన్నాక నా భయం ఎటు పోయిందో తెలియదు. పైన బండి ఒక్క క్షణం ఆగినప్పుడు దూరంగా గండిపేట నీళ్లు, ఇటు చిన్న మంగళారం వైపు చేలు, ఫామ్‌హౌసుల ఎర్ర కప్పులు అన్నీ చూశాను. తర్వాత ఒక్కసారిగా కిందికి పడ్డాం. ఆయన "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. నేను "అయిపోవట్టెనన్నా" అంటూనే ఉన్నాను.

కడ్డీ పైకి లేచినా ఆయన పిడికిలి విడలేదు. అక్కడి పనాయన వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. "సారీ అండి, సారీ" అంటూ నా పక్క సీటాయన తలెత్తలేదు.

బయట ఫోటోల కౌంటర్ దగ్గర, పెద్ద తెర మీద మేమిద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉన్నాం. కౌంటర్లో కుర్రాడు హుషారుగా, "మేడమ్, సార్‌తోని మస్తొచ్చింది. కపుల్ ఫ్రేమ్ వెయ్యమంటరా?" అన్నాడు. మా ఆయన నా వెనకే ఉన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి.

అత్తమ్మే ముందుకు వచ్చింది. "ఆయన ఈమె పెనిమిటి గాదు బిడ్డా. ఈమె పెనిమిటి గీడ నిలవడ్డడు, ఎక్కనీకె భయపడి. ఆయనకు మా కోడలే ధైర్యం చెప్పుకుంట తోల్కొచ్చింది. సూడు, ఎంత నిమ్మలంగ కూసున్నదో."

అప్పుడు నేనూ సరిగ్గా చూశాను. పెళ్లి ఫోటోల్లో అన్నిట్లోనూ తల దించుకునే ఉన్నాను. ఇందులో జుట్టు గాలికి లేచింది, కళ్లు బార్లా తెరుచుకుని ఉన్నాయి, గడ్డం పైకి ఉంది. ఫోటోలోని ఆమె నాకు నచ్చింది.

ఇంతలో నా పక్క సీటాయన భార్య వచ్చి నవ్వుతూ నా రెండు చేతులూ పట్టుకుంది. "థాంక్సండి. ఈయన లిఫ్టులోనే నా చెయ్యి వదలరు. మాక్కూడా ఒక ఫోటో కావాలి" అంది. ఆయన కూడా అప్పటికి నవ్వాడు.

తిరుగు దారిలో మా ఆయన కారు నడుపుతూ, "నిజంగ భయం గాలేదా?" అని అడిగాడు. "అయింది. ఆయనకు నాకన్న ఎక్కువైంది" అన్నాను. తలూపాడు. ఎట్లా ఉంటుందో ఇల్లు చేరేదాకా పాపకు చెబుతూనే ఉన్నాను.

ఆ ఫోటోను అత్తమ్మ దుకాణంలో గల్లాపెట్టె పైన తగిలించింది. పక్కనున్నది ఎవరని గిరాకీలు అడుగుతారు. ఆమె మొదటి నుంచీ చెబుతుంది, చెప్పినప్పుడల్లా బండి ఎత్తు కొంచెం పెంచుతుంది. నేను బిందెలు తూకం వేస్తూ విననట్లే ఉంటాను. కానీ ఒక్క మాట కూడా వదలను.